గొర్రెకు పడే దాణా

మా దాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటాను, బస్తాల దగ్గర మా వదిన కూర్చుంటుంది. నాకు బేరం కావాలి, ఆవిడకు వివరం కావాలి. కోళ్లు గుడ్లు పెడుతున్నాయా, ఇంకా పిల్లలేనా? గేదె ఈని ఎన్నాళ్లయింది? పాత దాణా ఇంకెంత మిగిలింది? పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. ఎన్నిసార్లు తల బాదుకున్నానో నాకే తెలుసు.

ఓ సాయంత్రం బస్సు డ్రైవర్ ఒకాయన వచ్చి మేకల దాణా రెండు బస్తాలు కావాలన్నాడు. అడిగిందే తడవు రెండూ ఆయన బండి మీదికి ఎత్తేశాను.

"అన్నీ మేకలేనా బాబూ?" అంది వదిన.

"నాలుగు మేకలండీ. ఓ గొర్రె కూడా ఉందిలెండి. అదెంత తింటుంది!"

అంతే, వదిన చివాలున లేచి పై బస్తాను కిందికి లాగేసింది. "అయితే ఇది ఇవ్వను. ఇందులో రాగి కలుపుతారు. బిందెలు చేస్తారే, ఆ రాగి. మేకలకు అది బలం. గొర్రెకు మాత్రం కొంచెం కొంచెంగా ఒంట్లో పేరుకుపోతుంది. నెలల తరబడి బాగానే తిరుగుతుంది, ఓ రోజు ఉన్నట్టుండి పడిపోతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నడమంటే ఇదే! గొర్రెను విడిగా కట్టుకుంటాడు, నీకెందుకు వదినా?" అన్నాను.

డ్రైవర్ ముఖం మాత్రం పాలిపోయింది. "విడిగా కడితే అది మేత ముట్టదండీ. తల్లి చచ్చిపోతే మా ఆవిడే సీసాతో పాలు పట్టి పెంచింది. మేకల మధ్యే పెరిగింది. అవి పక్కన లేకపోతే అరిచి అరిచి పస్తుంటుంది. దానికేమన్నా అయితే మా ఆవిడ ముఖం నేను చూడలేను."

ఇప్పుడేం చెబుతుందో చూద్దామని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. వదిన లోపలి నుంచి గొర్రెల దాణా బస్తా ఈడ్చుకొచ్చింది.

"ఇందులో రాగి కలపరు. ఐదింటికీ ఇదే ఒకే తొట్టిలో పెట్టు. మేకలకు కావాల్సిన రాగి ఎంతో పశువుల డాక్టర్ని అడుగు. అది మాత్రం ఒక్కో మేకకూ విడిగా నీ చేత్తో తినిపించు. దాణా ఒక్కసారే మార్చేయకు, పాతదాంట్లో రోజూ కాస్త కాస్త కలుపుతూ రా."

అబ్బ! ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను, నాకు తట్టలేదు. గొర్రెను ఎలా విడదీయాలా అనే చూశాను గానీ, దానికి పడేదే అన్నిటికీ పెట్టొచ్చని అనుకోలేదు. ఒప్పుకోక తప్పదు, ఆవిడ బుర్రే బుర్ర.

డ్రైవర్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఇంత ఉపాయం మీకెలా తట్టిందమ్మా?" అన్నాడు.

"ఇందులో ఉపాయమేముంది బాబూ? ఇడుగో, ఈ మా మరిదికి బీపీ. ఒక్కడికే చప్పిడి కూర పెడితే ముట్టేవాడు కాదు. అందుకే ఆరేళ్లుగా ఇంటిల్లిపాదికీ చప్పిడే వండుతున్నా. మిగతావాళ్లం ఇతను లేచి వెళ్లాక ఉప్పు చల్లుకుంటాం."

ఆరేళ్లుగా ఆవిడకు వంట చేతకాదనే అనుకుంటున్నాను. అంతెందుకు, ఆ మధ్యాహ్నమే "ఈ గడ్డి ఎవడు తింటాడు?" అని కంచం తోసేసి వచ్చాను.