లేయమ్మ పాదాలు

నేను ఒక పింగాణీ బేసిన్‌ని. పేరుకు పింగాణీయే గాని లోపలంతా ఇనప రేకే. దాని మీద గాజుపొడి పూసి, కొలిమిలో కాల్చి, అంచు చుట్టూ నీలిగీత గీశారు. నాతోపాటు తయారైనవాటిలో కొన్ని పెద్దిళ్ళ వంటగదులకు వెళ్ళాయి, కొన్ని పెళ్ళిసారెల్లోకి వెళ్ళాయి. నన్ను మాత్రం గడ్డిలో చుట్టి, రైలెక్కించి, గోదావరి కాలవ పక్కనున్న మిషను కుష్ఠు ఆసుపత్రికి పంపారు. కొత్తలో నాకు చిన్నతనంగానే ఉండేది. మనుషులు చేసినదాన్ని కదా, వాళ్ళ బుద్ధులు కొన్ని నాకూ అంటుకున్నాయి.

నా పని పాదాలు కడగడం. ఈ జబ్బు చేసినవాళ్ళకు కాళ్ళూ చేతులూ మొద్దుబారిపోతాయి. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. అందుకని రోజూ పొద్దున్నే వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, నాలో గోరువెచ్చని నీళ్ళు పోసి పాదాలు నానబెడతారు. గట్టిపడిన చర్మాన్ని రాయితో రుద్ది, నూనె రాసి, కొత్త గాయమేమన్నా ఉందేమోనని వెతుకుతారు. ఆ పని చూసేది నర్సు దయామణిగారు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఎవరి పాదమైనా సరే చంటిబిడ్డ తలను పట్టుకున్నట్టు మడమ కింద అరచెయ్యి పెట్టి పట్టుకునేది.

లేయమ్మ అక్కడికి వచ్చేసరికి ముప్పై దాటి ఉంటుంది. జబ్బు బయటపడగానే అత్తవారు ఊరి బయట పాక వేసి ఆమెను అందులో ఉంచారు. కూతురు నూకరత్నం అప్పటికింకా నడక నేర్చుకుంటోంది. అమ్మ దగ్గరకు వెళ్ళకూడదని నాయనమ్మ ఆ పిల్లకు మాటలతోపాటే నేర్పింది. అన్నం గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ పాక గుమ్మంలో మొదటిసారి కూర్చుని మాట్లాడింది, ఊరూరా తిరిగి ఏసు మాటలు చెప్పే ఒక బైబిలు స్త్రీ. ఆవిడ చెప్పిన దేవుణ్ణి లేయమ్మ నమ్ముకుంది, కాలవలో బాప్తిస్మం తీసుకుంది, పాత పేరు వదిలేసి లేయమ్మ అయింది. ఆవిడే ఆమెను ఆసుపత్రికి చేర్చింది.

మందులతో జబ్బు నయమైంది. ఇక ఎవరికీ అంటదని డాక్టరుగారు చెప్పారు. మిగిలింది కుడికాలి అరికాల్లో పుండు. అది మానదు. మాననిచ్చేది కాదు లేయమ్మ. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన రబ్బరు చెప్పులు మంచం కింద పెట్టేసి, ఉత్తకాళ్ళతో చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి వీధి చివర నిలబడి పాటలు పాడి వచ్చేది. గొంతు బాగుండేది. ఆడవాళ్ళు పనులాపి వినేవారు. తిరిగొచ్చాక ఆ పాదం నాలో పెడితే నీళ్ళు ఎర్రబడేవి. ఆమె మాత్రం నవ్వుతూ ఉండేది.

ఎముక దాకా వెళ్తోందని, ఇలాగే తిరిగితే మోకాలి కింద కొయ్యాల్సి వస్తుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కొయ్యండి అంది లేయమ్మ, ఇంట్లో పనికిరాని సామాను తీసుకుపొమ్మన్నంత తేలిగ్గా. ఒళ్ళు ఎలాగూ మట్టిలో కలిసేదేనని, ఆత్మ దేవుడిదైతే తనకదే చాలని వార్డులో అందరితోనూ అనేది. ఎంత భక్తి అని అందరూ మెచ్చుకున్నారు. అదే తమకు జ్వరమొస్తే మాత్రం మెచ్చుకున్నవాళ్ళు కూడా మాత్రల కోసం పరుగెత్తేవారనుకోండి.

దయామణిగారు మెచ్చుకోలేదు. ముందు కోప్పడింది. తర్వాత బతిమాలింది. ఒకరోజు రెండూ మానేసి, నీళ్ళలో ఉన్న పాదం మీద చెయ్యి అలాగే ఉంచి అడిగింది.

"లేయమ్మా, బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరు అయ్యగారు కాలవలో దేన్ని ముంచారు? నీ ఆత్మనా, ఒంటినా?"

లేయమ్మ నవ్వుతూనే చెప్పింది. "ఒంటినే కదండీ."

"మరి దేవుడికి అక్కర్లేని దాన్ని ఆయన పేరున ఎందుకు ముంచినట్టు?"

లేయమ్మ ముఖంలో నవ్వు పోయింది. తల వంచుకుని చెప్పింది.

"దీన్ని ఎవరూ ఉంచుకోలేదండీ. కన్నబిడ్డ కూడా ముట్టుకోలేదు. నాకే అసహ్యం. ఇలాంటిదాన్ని ఆయనకెలా ఇస్తానండీ? అందుకే ఆత్మ ఒక్కటే ఇచ్చాను."

ఇన్నాళ్ళూ అందరూ భక్తి అనుకున్నది సిగ్గని నాకప్పుడు తెలిసింది. దయామణిగారికి ముందే తెలుసేమో, ఆశ్చర్యపోలేదు. పాదాన్ని పైకి తీసి ఒళ్ళో గుడ్డ మీద పెట్టుకుని, వేళ్ళ సందుల్లో తడి అద్దుతూ అంది.

"నువ్వు ఇవ్వడమేంటి? ఇది ఎప్పుడో ఆయనదైపోయింది. సిలువ మీద ప్రాణం పెట్టి కొనుక్కున్నాడు. పుండు చూసే కొనుక్కున్నాడు. నువ్వు చూసుకుంటున్నది ఆయన కాలు. కొయ్యమని చెప్పడానికి నీదా?"

లేయమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు వార్డంతా వినిపించింది. ఆ రోజు మంచం కింద నుంచి చెప్పులు బయటకు వచ్చాయి.

కాలికి పిండికట్టు వేశారు. తిరగడానికి అలవాటుపడ్డ మనిషి నెలల తరబడి మంచాన ఉండాల్సి వచ్చింది. పాట కోసం ఊళ్ళవాళ్ళు ఎదురుచూస్తుంటారని మథనపడేది. ఒకసారి కర్ర ఊతతో గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే ఆగి, తన కాలిని చూసుకుని వెనక్కి వచ్చింది. అది ఆమెకు ఎంత కష్టమైందో పక్కమంచం వాళ్ళకు తెలుసు. కట్టు విప్పేసరికి చివరి వేళ్ళు రెండు పోయాయి. పాదం నిలిచింది.

ఆ తర్వాత లేయమ్మ అక్కడే ఉండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళ పాదాలు తనే కడిగేది. వంకరపోయిన వేళ్ళతో నన్ను పట్టుకోవడం కష్టమై, రెండు ముంజేతుల మధ్య ఇరికించుకుని తెచ్చేది. వాళ్ళకు బోధలేమీ చేసేది కాదు. పాట మాత్రం పాడేది, చిన్నగా.

నూకరత్నం వచ్చింది ఆ రోజుల్లోనే. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళాక, అమ్మ బతికే ఉందని ఎవరి ద్వారానో విని, భర్తకు చెప్పి బస్సెక్కింది. వరండాలో కొత్త మనిషి నిలబడి పేరు చెప్పగానే లేయమ్మ గోడకు ఆనుకునేదాకా వెనక్కి జరిగింది. జబ్బు అంటదని ఊరందరికీ చెప్పిన మనిషే.

"దగ్గరకు రాకమ్మా," అంది. "అక్కడే ఉండు. చూస్తాను."

నూకరత్నం కాసేపు అక్కడే నిలబడింది. చిన్నప్పటి నుంచి విన్నమాట అంత తేలిగ్గా పోదు కదా. అప్పుడు దయామణిగారు ఎవరి పాదాల కోసమో నాలో నీళ్ళు పోస్తోంది. నూకరత్నం ఆవిడ దగ్గరకు వెళ్ళి, నేను కడగొచ్చా అండీ అని అడిగింది. దయామణిగారు నన్ను తెచ్చి లేయమ్మ ముందు పెట్టి పక్కకు తప్పుకుంది.

లేయమ్మ పాదాలు చీరకింద దాచుకుంది. కూతురు నేల మీద కూర్చుని, చెయ్యి చాపి, అలాగే ఉంది. చాలాసేపటికి ఒక పాదం బయటకు వచ్చింది, రెండు వేళ్ళు లేనిది. దానికి స్పర్శ లేదు. అందుకని లేయమ్మ వంగి, కూతురి చేతులు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో కళ్ళు ఆర్పకుండా చూసుకుంది. నీళ్ళు చల్లారిపోయినా పాదం తియ్యలేదు.

నా సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. పూత పెచ్చులూడింది. స్టీలు బేసిన్లు వచ్చాయి. ఇప్పుడు స్టోరుగదిలో విరిగిన మంచాల మధ్య బోర్లించి ఉన్నాను. నాకు తుప్పు పడుతోంది గాని తొందరేమీ లేదు. నేను చివరిసారి చేసిన పని చెప్పి ఆపుతాను.

లేయమ్మ ముసలిదై, జ్వరంతో పోయింది. నూకరత్నం కబురందగానే వచ్చింది. స్టీలు బేసిను తెస్తే వద్దని, అమ్మ వాడినదేదో అది కావాలని అడిగింది. నీళ్ళు కాచి, చేత్తో వేడి చూసుకుని నాలో పోసింది. తల్లి ముఖం తుడిచింది. వంకరపోయిన వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి కడిగింది. పాదాల దగ్గర ఎక్కువసేపు కూర్చుంది.

కొత్తగా చేరిన నర్సు ఒకమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పోయినవాళ్ళకు వేణ్ణీళ్ళెందుకని, ఇంత నిదానంగా కడగడమెందుకని మెల్లగా అడిగింది.

నూకరత్నం తలెత్తలేదు.

"ఎవరి దగ్గరైనా గిన్నె అడిగి తెచ్చుకుంటే అలాగే తిరిగిచ్చెయ్యంగా అండీ, కడిగి ఇస్తాం. ఈ ఒళ్ళు దేవుడిదని మా అమ్మ చెప్పేది," అంది, మడమ కింద తడి అద్దుతూ.