గుమ్మం దాటిన దారి

లారీల రిపేరు షెడ్డు తలుపు తీయగానే మేస్త్రి ముందు కూతురి చేత నేల ఊడ్పిస్తాడు. నట్లూ బోల్టులూ పడి ఉంటే దారి సరిగ్గా పరుచుకోదు మరి. ఆయన ఇంజను వాల్వు స్ప్రింగు ఒకదాన్ని అరచేతుల మధ్య పెట్టి నొక్కాడంటే, దాన్ని బిగించబోయే బండి తిరిగే దారి కాళ్ల ముందు పరుచుకుంటుంది, జానెడు వెడల్పున, మలుపులూ గుంతలతో సహా. పక్క టైర్ల కొట్టాయన దాన్ని తొక్కకుండా దాటొచ్చి గ్రీజు అడిగి పట్టుకుపోతుంటాడు. ఇంత చెయ్యి ఉన్న మేస్త్రి చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆ మాట అందరికంటే ముందు ఆయనే చెబుతాడు.

ఆ పొద్దున బావమరిది లారీ తెచ్చి నిలిపాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, కొండ దిగుతూ ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే ఇంజను టకటకమని కొట్టుకుంది. బండి ఆగితే ఒట్టు! రేపు మళ్లీ రాళ్ల లోడు. నీ దగ్గరున్న వాటిల్లో గట్టి స్ప్రింగులు వేసెయ్."

"ఆ బ్రేకు పొగగొట్టాన్ని మూసెయ్యగానే పొగ వెనక్కి తన్ని వాల్వుల్ని తెరిచేస్తోందిరా. పాత స్ప్రింగులకి వాటిని మూసి పట్టి ఉంచే సత్తా లేదు."

మేస్త్రి బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి కాస్త గట్టిది, ఇంకోటి మహా గట్టిది. మహా గట్టిదాన్ని పళ్లు బిగించి నొక్కాడు. కొండ దారి సాఫీగా దిగి గుమ్మం దగ్గర ఆగింది.

"చూశావా, పువ్వులా దిగుతావు!" అని మీసం దువ్వాడు.

కూతురు మూలన కూర్చుని వాల్వులు కడుగుతోంది. "కడగడం నీ వంతు, నొక్కడం నా వంతు" అని ఏడేళ్లుగా ఆమెను అక్కడే కూర్చోబెట్టాడు.

"గుమ్మం దాటాక చూశావా నాన్నా?" అంది.

"దాటాక ఏముంటుందే? దారి అక్కడితో సరి."

"ఒక్కసారి ఇలా ఇవ్వు."

మేస్త్రి నవ్వేశాడు. "ఇవ్వు బావా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు బావమరిది.

ఆమె చేతులు తుడుచుకుని నొక్కింది. దారి సర్రున గుమ్మం దాటి, వీధిలో పడి, టైర్ల కొట్టు మలుపు తిరిగింది. ముగ్గురూ దాని వెంట పరిగెత్తారు. తొమ్మిదిసార్లు కొండ ఎక్కి దిగిన దారి పదోసారి దిగుతూ తెగిపోయింది. తెగిన చోట అగ్గిపెట్టెంత లారీ ముందు చక్రాలు లోయలోకి వేలాడేసుకుని ఉంది.

బావమరిది అక్కడే చతికిలబడ్డాడు.

"అంత గట్టి స్ప్రింగును నొక్కలేక, వాల్వుల్ని తెరిచే క్యామ్ అరిగిపోతుంది నాన్నా. దిగుతుండగా ఇంజను పోతే బ్రేకూ పోయినట్టే," అంది కూతురు.

మేస్త్రికి తెలియని సంగతి కాదు. గట్టిదనం చూసి మురిసిపోయి మరిచాడు. సిగ్గుతో తలొంచుకుని షెడ్డులోకి తిరిగొచ్చి, కాస్త గట్టి రకం ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి దారి కొండలన్నీ దిగి, వీధి చుట్టి, తిరిగి షెడ్డులోకి వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. అవే బిగించారు.

పదకొండో ట్రిప్పు దించి వచ్చిన బావమరిది క్యాబిన్‌లోంచే కేకేశాడు. "బావా, నీ చెయ్యి బంగారం!"

"నా చెయ్యి కాదురా, నా కూతురిది!" అని మేస్త్రి వీధంతా వినేలా అరిచాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన చీపురు పట్టాడు. షెడ్డు ఊడ్చాడు, గుమ్మం ఊడ్చాడు, ఊడ్చుకుంటూ వీధిలోకి దిగి టైర్ల కొట్టు మలుపు దాకా వచ్చాడు.

"ఇదేంటి మేస్త్రీ, నువ్వు చీపురు పట్టావు?" అని టైర్లాయన నోరెళ్లబెట్టాడు.

"ఆ టైర్లు కాస్త పక్కకి జరుపు. మా అమ్మాయి స్ప్రింగు నొక్కబోతోంది."