యేసుమణి సాక్ష్యం

నడవగలిగిన వాళ్లను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోయడం నా ఉద్యోగం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నీలం చొక్కా వేసుకుని నిలబడతాను. టికెట్టుతో పాటే కుర్చీ కూడా రాయించుకున్న పెద్దమనుషులు మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ వస్తారు. వాళ్లను క్యూలన్నీ దాటించి, అందరికంటే ముందు తనిఖీ చేయించి లోపలికి తీసుకుపోతాను. షాపులు కనపడగానే ఆ కాళ్లకు ఎక్కడలేని ప్రాణం వస్తుంది. కాసేపు ఇక్కడే ఉండమ్మా అని నన్నూ కుర్చీనీ ఒక మూల వదిలేసి, సెంటు సీసాలు చూడటానికి చకచకా నడిచిపోతారు.

నిజంగా నడవలేని వాళ్లూ వస్తారు, కాదనను. వాళ్ల కోసం మా దగ్గర ఒక బండి ఉంది. మనిషిని కుర్చీతో సహా విమానం తలుపు దాకా ఎత్తుతుంది. ఎవరి చేయీ ఒంటి మీద పడదు, ఎవరూ అయ్యో పాపం అనరు. ఆ బండిని చూసినప్పుడల్లా నాకు మా అక్క గుర్తొచ్చి కడుపు మండుతుంది.

మా అక్క పేరు యేసుమణి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. నడుము కూడా ఒక పక్కకు ఒరిగింది. మామిడిపల్లిలో మా ఇంటి ముందుగదిలో చేత్తో తిప్పే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు, బడంగ్‌పేట్ నుంచి కూడా వస్తారు. చేయి ఎత్తమ్మా, ఊపిరి పీల్చమ్మా అంటూ కుర్చీలో కూర్చునే కొలతలు తీస్తుంది. ఎవరికి ఎక్కడ వదులు ఉంచాలో, బాలింతరాలయ్యాక ఎవరి ఛాతీ ఎంత మారిందో ఆమెకు కంఠతా వచ్చు. ఇందరి రొమ్ములు కొలిచిన మనిషి రొమ్మును చూసే దిక్కు మాత్రం ఈ ఊళ్లో లేకపోయింది. నేను చెప్పబోయేది ఆ సంగతే.

మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. చివరి రోజుల్లో దవాఖానలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇది మీ ఇంట్లో మళ్లీ రావచ్చు, ఇద్దరు ఆడపిల్లలూ పరీక్ష చేయించుకోండి, నలభై దాటిన మీ అక్కనైతే అసలు ఆలస్యం చేయొద్దు అంది. అమ్మ సమాధి మట్టి ఆరకముందే నేను ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్లి చేయించుకున్నాను. మిషన్ ముందు నిలబడ్డాను. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కారు. పళ్లు కొరుక్కున్నాను, అయిపోయింది. బయటికొచ్చి టీ తాగడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది.

తర్వాతి వారం అక్కను అదే సెంటర్‌కు తీసుకెళ్లాను. ఆటోలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి లోపలికి బాగానే జరిగింది. మిషన్ గదిలో ఉన్న అమ్మాయి కోస్తా వైపు పిల్ల, మాట చాలా మర్యాద. "కొంచెం లేచి నిలబడగలరా అండీ? రెండు నిమిషాలే" అని అడిగింది. ముందున్నది చక్రాల కుర్చీ అని ఆమెకు కనపడుతూనే ఉంది. నిలబడలేదు అన్నాను. మిషన్‌ను కిందికి దించి చూసింది. కుర్చీ చేతులు అడ్డం వచ్చాయి. వీపు లేని స్టూలు మీద కూర్చోబెట్టారు, అక్క ఒరిగిపోయింది. నేను పట్టుకుంటానంటే, ఎక్స్‌రే ఫోటో తీసేటప్పుడు ఇంకొకరు లోపల ఉండకూడదన్నారు. చివరికి ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మీ అక్కగారికి పెళ్లయిందా, పిల్లలున్నారా అని నన్ను అడిగింది. లేదన్నాను. అయితే మరీ అంత కంగారు పడక్కర్లేదులెండి అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు లేని వాళ్లకే ఈ రోగం ఒకింత ఎక్కువ వస్తుందని తర్వాత తెలిసింది, అది వేరే మంట. ఆ రోజు మండింది మాత్రం, నిలబడలేని ఆడది, పెళ్లి కాని ఆడది అనగానే ఆమె ఒంట్లో సగం లేనట్టే లెక్కేసినందుకు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క నవ్వింది. "నా కాళ్లనే చూసిన్రు గాని పైన ఇంకొంచెం మనిషి ఉన్నదని ఎవ్వలకు యాది లేదే" అంది. నేను నవ్వలేదు.

అక్టోబర్‌లో మా చర్చి ఆవరణలోకి గులాబీ రంగు వ్యాను వచ్చింది. ఏదో కంపెనీ వాళ్లు పంపించారు. లోపలే మిషన్, లోపలే డాక్టరు, ఊరి ఆడవాళ్లందరికీ రొమ్ము పరీక్ష ఉచితం. మా పాస్టరు జీవన్ అయ్యగారు రెండు ఆదివారాల ముందు నుంచే మైకులో చెప్పారు. అంతకంటే ఎక్కువ చెప్పింది మా అక్క. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ, ముందు పరీక్షకు పేరు ఇస్తేనే జాకెట్టు ఇస్తానని బెదిరించింది. పక్కింటి కౌసల్యమ్మ సిగ్గుపడితే గంటసేపు కూర్చోబెట్టి అమ్మ కథంతా చెప్పింది. ఆ రోజు వచ్చిన వాళ్లలో సగం మందిని పంపింది ఆమే.

తను కూడా పొద్దున్నే తల స్నానం చేసి, కొత్త జాకెట్టు తొడుక్కుని అందరికంటే ముందు వెళ్లి కూర్చుంది. వ్యానుకు నిటారుగా ఇనప మెట్లు ఉన్నాయి. తలుపు ఎంత సన్నమంటే కుర్చీ అడ్డంగానూ పోదు, నిలువుగానూ పోదు. చర్చి కుర్రాళ్లు ఎత్తుతామని ముందుకొచ్చారు. చిన్నప్పటి నుంచి బస్తాలా ఎత్తించుకున్న మనిషి, దానికి కూడా సరేనంది. కంపెనీ మనిషి ఒప్పుకోలేదు. పడితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు. ఎక్కించినా లోపల ఆమె నిలబడాలి కదా అని కూడా అన్నాడు, అది మాత్రం నిజమే. నేను గట్టిగా అరిచేసరికి లోపలి నుంచి డాక్టరమ్మ దిగొచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు చీర చెంగులు అడ్డం పట్టుకున్నారు. డాక్టరమ్మ వంగి, జాకెట్టు మీద నుంచే రెండు పక్కలా చేత్తో తడిమింది.

"ఏం లేదమ్మా, అంతా బాగుంది" అంది.

జాకెట్టు మీద నుంచి ఏం తెలుస్తుంది మేడం అని నేను అడగబోయాను. అక్క నా చేయి గిల్లింది. "ఊకో, అందరు చూస్తున్నరు" అంది. డాక్టరమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది. కంపెనీ మనిషి అక్క జాకెట్టుకు రొమ్ము క్యాన్సర్ ప్రచారపు గులాబీ రిబ్బను గుచ్చి, వ్యాను ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసుకున్నాడు. ఆ రోజు ఆ మిషన్ మీద పరీక్ష జరగని ఆడమనిషి ఆమె ఒక్కతే. వాళ్లకు కావాల్సిన ఫోటో కూడా ఆమెది ఒక్కటే.

ఆ తర్వాతి నెల మా చర్చిలో కోత పండుగ వచ్చింది. దేవుడు చేసిన మేళ్లు ఎవరివి వాళ్లు లేచి అందరి ముందు చెప్పుకుంటారు, దాన్ని సాక్ష్యం అంటారు. ఇన్నేళ్లూ మా అక్క ఆ చర్చిలో పొందిందల్లా జాలి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్ద ప్రసంగీకులందరూ ఆమె తల మీద చేయిపెట్టి, లేచి నడువు అని కేకలేసిన వాళ్లే. ఆమె లేవకపోతే, విశ్వాసం చాల్లేదన్నట్టు ఆమె వైపే చూసేవాళ్లు. ఆ పూట మొదటిసారి అయ్యగారు మైకు ఆమె చేతికి ఇచ్చారు.

"మా అమ్మను తీస్కపోయిన రోగం నన్ను ముట్టలే. డాక్టరమ్మ చూసి బాగున్నదన్నది. నా దేవుడు నన్ను మర్వలే" అంది అక్క.

చర్చి చర్చంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అక్క ముఖం ఆ రోజు వెలిగినంతగా నేనెప్పుడూ చూడలేదు. చెప్పేదేదో ఉన్న మనిషిగా, అందరూ వినే మనిషిగా ఆమె ఆ గుంపులో కూర్చోవడం అదే మొదలు. నాకు లోపల గుచ్చుతూనే ఉంది. కానీ ఆ ముఖం చూశాక, అది పరీక్షే కాదు అక్కా అనడానికి నోరు రాలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం డ్యూటీ లేక ఇంట్లో ఉండి దండెం మీది బట్టలు తీస్తున్నాను. అక్క జాకెట్టు ఒకటి చేతికొచ్చింది. ఎడమ పక్క కుట్లు విప్పి, లోపల దాచిన గుడ్డంతా బయటికి తీసి మళ్లీ వదులుగా కుట్టి ఉంది. కుడి పక్క ఎప్పటిలాగే ఉంది. ఇంకో జాకెట్టు చూశాను, అదీ అంతే. ఊరందరి కొలతలూ తెలిసిన మనిషి తన కొలత తప్పు కుట్టుకోదు.

ముందుగదిలోకి వెళ్లి జాకెట్టు ఆమె ఒళ్లో పెట్టాను. అక్క మిషన్ తిప్పడం ఆపింది. ఎప్పటి నుంచి అని అడిగాను. క్రిస్మస్ పండుగ పోయినప్పటి నుంచి అంది. గోలీకాయంత ఉండేదట, ఇప్పుడు నిమ్మకాయంత అయింది.

"ఎందుకు చెప్పలే అక్కా?"

"ఏమని చెప్పాలె? మంది ముంగట సాక్ష్యం చెప్పిన. దేవుడు కాపాడిండన్న. మల్ల పోయి లేదు, కాపాడలేదు అని చెప్పాల్నా? దేవున్ని అబద్ధాలోన్ని చేస్తనా నేను?"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దేవుడు కాదు అక్కా, ఆ డాక్టరమ్మ అన్నది బాగుందని, అదీ జాకెట్టు మీద నుంచి చూసి అన్నది అని అరిచాను. దేవుడు ఎవరికీ చూపించుకోవద్దన్నాడా నీకు అని కూడా అరిచాను. అక్క తల వంచుకుని వింది. తర్వాత మెల్లగా అసలు మాట చెప్పింది. "గా ఒక్కసారే గదనే నా మాటకు సప్పట్లు కొట్టిన్రు" అంది.



సంగతి తెలిసి అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. పోతూ పోతూ నన్ను గుమ్మం దగ్గర ఆపి, సంఘంలో ఇప్పుడే చెప్పొద్దమ్మా, కొత్త విశ్వాసులు తడబడతారు అన్నారు. మంచి మనిషే, ఆయనకు పాపభయం ఉంది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం మీద తలుపు వేశాను.

సిటీలో పెద్ద క్యాన్సర్ దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, చంక దాకా పాకింది, రొమ్ము మొత్తం తీసేయాలి, తర్వాత మందులు చాలాకాలం ఎక్కించాలి అన్నారు. అమ్మకు ఇదే రోగం కదా, ముందే ఎందుకు చూపించుకోలేదని కోప్పడ్డారు. అక్క నా వైపు చూడకుండా, "చూపించుకున్న సార్. బాగున్నదన్నరు" అని చెప్పింది. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, మిషన్ మీద కుదరకపోతే పడుకోబెట్టి స్కానింగ్ అయినా చేయొచ్చు కదా, అప్పుడే చూసి ఉంటే చిన్న గడ్డ తీస్తే సరిపోయేదేమో అన్నారు. చేయొచ్చు కదా అని ఆయన నన్ను అడుగుతున్నారు. ఆ మాట చెప్పాల్సిన వాళ్లు ఒక్కరూ మాకు చెప్పలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఇద్దరు మనుషులు వార్డులోకి చక్రాల మంచం తోసుకొచ్చారు. అక్క అలవాటుగా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఎత్తించుకోవడానికి ఒళ్లు బిగించుకుంది. వాళ్లలో ఒకతను వద్దన్నట్టు చేయి చూపి, కాలితో కింద ఏదో నొక్కాడు. మంచం మెల్లగా దిగుతూ దిగుతూ వచ్చి, సరిగ్గా ఆమె కుర్చీ ఎత్తుకు ఆగింది. కుర్చీ చేయి తీసి పక్కన పెట్టాడు. కింద నున్నటి పలక వేసి, నొప్పి తెలియకుండా ఆమెను ఇటు నుంచి అటు జరిపారు. మీరేం కదలొద్దమ్మా, అంతా మేం చూసుకుంటాం అన్నాడు రెండో అతను. నిజంగానే అంతా చూసుకున్నారు. తల కింద దిండు సర్దారు, కాళ్లు వంకర పోకుండా మెత్త పెట్టారు, నడుము ఒరిగిన వైపు దుప్పటి మడిచి ఆనించారు. నా కళ్ల ముందే మా అక్క మొదటిసారి దవాఖానలో మనిషిలా పడుకుంది.

అక్క మంచం అంచు తడిమి చూసింది.

"గిది ఎంత కిందికైనా దిగుతదా బిడ్డా?" అని అడిగింది.

"ఎంతంటే అంత దిగుతదమ్మా" అన్నాడతను, సంబరంగా.

అక్క నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, భయం లేదు. బట్ట ఎక్కడ తక్కువ పడిందో తెలిసినప్పుడు ఆమె అలాగే చూస్తుంది.

"కోసేటందుకు దిగుతదట చెల్లె. చూసేటందుకే దిగకపాయె" అంది.

మంచం తోస్తున్న అతనికి ఆ మాట అర్థం కాక మర్యాదకు నవ్వాడు. నేను నీలం చొక్కాలోనే ఉన్నాను, రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చాను. ఆపరేషన్ గది తలుపు దాకా నేనే తోస్తానని అడిగితే, బయటి వాళ్లు తోయకూడదమ్మా అని చెప్పి వాళ్లే తీసుకెళ్లిపోయారు.