పరగడుపు మాత్ర

నేను ఒక మందు సీసాను. నా నిండా థైరాయిడ్ మాత్రలు. ఒక్కొక్కటి కందిగింజంత కూడా ఉండదు. ఫ్యాక్టరీలో పుట్టి, రామచంద్రపురం మందుల షాపులో కొన్నాళ్లు దుమ్ము తిని, ప్రసూన చేతికొచ్చాను.

ఆమెకు పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. మనుషులు భలేవాళ్లు! అందరూ ఆమె జాతకం చూశారు గానీ, మెడలోని చిన్న గ్రంథిని ఎవరూ చూడలేదు. చూసింది డాక్టరమ్మే. ఆ గ్రంథి మందగిస్తే మెదడు దాన్ని అదిలిస్తుందట. ఆ అదిలింపులో, బాలింతకు పాలు పట్టించే హార్మోను కూడా ఎక్కువై అండం విడుదల కావడం లేదట. బిడ్డే లేకుండా ఒళ్లు తాను బాలింతననుకుందన్నమాట! నేను నివ్వెరపోయాను. ఇంత చిక్కును విప్పేది నాలోని చిట్టి మాత్రలా?

కానీ విప్పలేదు. నాకు ముందు రెండు సీసాలు ఖాళీ అయినా, రక్తపరీక్షలో ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. "ఈసారీ తగ్గకపోతే మందులు మానేత్తానత్తయ్యా. ఇంక ఆశపడే ఓపిక లేదు" అంది ప్రసూన. నాకు భయమేసింది.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, "ఎలా వేసుకుంటున్నావమ్మా?" అని అడిగింది.

అత్తగారు హైమావతి ముందుకొచ్చింది. "నేనే ఇత్తానండి, పరగడుపునే. ఉత్త కడుపులో మందు పడితే మంటెత్తుద్దని, గ్లాసుడు గేదెపాలతో మింగిత్తానండి."

"పాలు తాగాక పరగడుపు ఎక్కడిదండీ? ఆ పాలే మాత్రను ఒంటికి పట్టనివ్వడం లేదు. మంచినీళ్లతో వేసి, గంటసేపు ఏమీ పెట్టకండి."

"అయ్యో, నా చేతుల్తో నేనే అడ్డుపడ్డానా తల్లీ!" హైమావతి కళ్లు తుడుచుకుంది. ప్రేమ కూడా ఒక్కోసారి మందుకు పడదని నాకప్పుడే తెలిసింది.

ప్రసూన ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరియ్యకపోతే నేనెప్పుడో మానేసేదాన్నత్తయ్యా."

ఆనాటినుంచి హైమావతి ఆ గంటసేపూ వంటింటి గుమ్మానికి కాపలా కాసింది. కోడలికి కాఫీ వాసన కూడా తగలనివ్వలేదు. రక్తపరీక్ష దారికొచ్చింది, నెలసరీ దారికొచ్చింది. ఆ తర్వాత ఓ నెల రానేలేదు.

నాలో నాలుగు మాత్రలు మిగిలినప్పుడు స్కానింగు గదికి వెళ్లాం. నేను హైమావతి ఒళ్లోని సంచిలో ఉన్నాను. యంత్రంలోంచి గబగబా ఏదో చప్పుడు.

"ఏంటండీ అది?" అంది హైమావతి.

"బిడ్డ గుండె."

హైమావతి నన్ను సంచితో సహా గుండెకు హత్తుకుంది. కందిగింజంత లేని మాత్ర ఎక్కడ, ఆ చప్పుడెక్కడ?

ఇకమీదట బిడ్డకూ సరిపడేలా మోతాదు పెంచాలని డాక్టరమ్మ కొత్త సీసా రాసింది. బయటికొచ్చి అది కొన్నాక హైమావతి నన్ను రెండు కళ్లకూ అద్దుకుని, చెత్తబుట్టలో వేసింది.