ఆవిరి పట్టిన మట్టి

ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కత్తులూ కత్తెరలూ ఆవిరిలో ఉడికించిన మనిషి ఆయన. నర్సులు ఆవిరి మామయ్య అనేవాళ్ళు. మొహం మీదే అన్నా పట్టించుకునేవాడు కాదు. తన చేతి మీదుగా వెళ్ళిన కత్తి వల్ల ఎవరికీ చీము పట్టలేదని ఆయన నమ్మకం. ఆయన రిటైరైన ఏడాదికి అదే ఆసుపత్రిలో ఆపరేషనయ్యాక కుట్లు చీముపట్టి ఆయన భార్య పోయింది. అప్పట్నుంచి మనుషులతో మాటలు తగ్గించేశాడు.

ఆమె వదిలి వెళ్ళినవి మూడు కుండీలు. కొండవాలును తొలిచి రోడ్డు వేస్తున్న రోజుల్లో, యంత్రాలు రాకముందే వెళ్ళి, మూడు దుంపల్ని మట్టిపెళ్ళలతో సహా గోనెసంచిలో తెచ్చుకుంది. ఆ వాలు ఇప్పుడు సిమెంటు కింద ఉంది. వానల్లో ఒక్కో దుంపకు రెండేసి ఆకులు నేలకు అతుక్కుని పరుచుకునేవి. వానలు వెళ్ళగానే అంతా మాయమై ఉత్త మట్టి మిగిలేది. ఒకసారి ఓ ఆకు తుంచి, కాలేజీలో మొక్కల పాఠం చెప్పే టీచరమ్మకు చూపించింది.

"నేలలో పెరిగే ఆర్కిడ్ ఇది పిన్నీ. ఏ రకమో ఆకు చూసి చెప్పలేను. పువ్వు రావాలి" అందా పిల్ల.

నాలుగేళ్ళు చూసినా పువ్వు రాలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆమెకు అదే ధ్యాస. "వానలు పడేదాకా నీళ్ళు పోయకండి. పూస్తే టీచరమ్మకి చూపించండి. పిలకలేస్తే నలుగురికీ ఇవ్వండి. ఇంకెక్కడా లేవేమో అవి."

ఆయన నీళ్ళు పోయలేదు. మాట తప్పే మనిషి కాదు. మట్టి గురించి మాత్రం ఆమె ఏమీ చెప్పలేదు.

ఎండాకాలం చివర కుండీలో వేలు పెట్టి చూస్తే తెల్లటి దారాలు తగిలాయి. దుంపల చుట్టూ బూజు.

"అమ్మ కుండీలు కెలుకుతున్నావేంటి నాన్నా?" అంది కూతురు.

"బూజు పట్టింది."

"అమ్మ ఉన్నప్పుడూ ఉండేదేమో. టీచరమ్మని ఓ మాట అడగొచ్చుగా?"

"బూజంటే ఏంటో నాకొకళ్ళు చెప్పాలా? మీ అమ్మని తిన్నదీ ఇలాంటిదే."

"మట్టికీ ఆపరేషన్ చేస్తావా? మాస్కు తెమ్మంటావా?"

"గ్లౌజులు తే."

తెచ్చిచ్చింది. ఆయనతో వాదించి గెలిచిన వాళ్ళు ఆ ఇంట్లో లేరు.

మట్టిని మూడు విడతలుగా కుక్కర్లో ఉడికించాడు, విడతకు నలభై నిమిషాలు. దుంపల్ని క్రిముల్ని చంపే ఊదారంగు పర్మాంగనేటు నీళ్ళలో కడిగాడు. కుండీలను మరిగే నీళ్ళతో తోమాడు. ఉద్యోగంలో కూడా అంత శుభ్రంగా ఏనాడూ చేయలేదు.

వానలు పడ్డాయి. రెండు కుండీల్లో ఏదీ లేవలేదు. మూడోదాంట్లో ఆకులు చిన్నవిగా వచ్చి, మధ్యలోంచి కాడ లేచింది. నెల తిరిగేసరికి ఐదు తెల్లటి పువ్వులు.

కబురు అందగానే టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. తడి గచ్చు మీద మోకాళ్ళ మీద కూచుని భూతద్దం పెట్టి చూసింది. పువ్వు కింది రేక మూడు చీలికలు, నడిమిది దువ్వెన పళ్ళలా ఉంది. వెనక పొడవాటి తోక. పుస్తకం తిప్పి, మళ్ళీ చూసి, పొడుగాటి పేరొకటి రెండుసార్లు పలికింది.

"బాబాయ్, దీన్ని అరవై ఏళ్ళుగా ఎవ్వరూ చూళ్ళేదు! పిన్ని ఎంత పని చేసిందో చూశారా?"

"పెంచొచ్చా?" అన్నాడాయన.

"ఎందుకు పెంచలేం? గింజలు కట్టిద్దాం. దుమ్ములా ఉంటాయి, లోపల తిండి ఉండదు. వాటికి తిండి పెట్టేది మట్టిలో బూజు. దుంపకీ దాని ఆసరా కావాలి. పిన్ని తెచ్చిన వాలు మట్టి ఉందిగా, అది చాలు."

ఆ మట్టిని ఉడికించేశానని ఆయన చెప్పాడు. ఎన్ని నిమిషాలు ఉడికించాడో కూడా చెప్పాడు.

టీచరమ్మ కాడ పక్కన వేలితో తవ్వింది. పాత దుంప ముడతలు పడి మెత్తబడింది. పక్కన, వచ్చే ఏడు మొలిచే కొత్త దుంప ఊరాలి. ఊరలేదు.

"తిట్టవేంటి?" అన్నాడాయన.

"తిడితే ఊరుతుందా బాబాయ్? ఆ బూజు కోసం వేరేచోట వెతుకుతా. దొరుకుతుందని మాత్రం చెప్పలేను."

అబద్ధం ఆడటం రాని పిల్ల. ఈ ఒక్కసారికి ఆడి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

నాలుగు పువ్వులకు పుల్లతో పుప్పొడి అంటించింది, చేయాల్సిన పని కనక. ఐదోదాన్ని తుంచి, కాలేజీలో దాచడానికి కాగితాల మధ్య పెట్టి చీటీ రాసింది. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు. అక్కడ ఆయన భార్య పేరు రాసింది.

"చంపిందెవరో రాయడానికి గడి లేదా?"

"లేదు బాబాయ్."

"అడుగున ఖాళీ ఉందిగా. రాయి."

"నాన్నా..." అంది కూతురు. ఆయన చీటీ మీంచి చెయ్యి తీయలేదు. టీచరమ్మ తల వంచుకుని అడుగున ఆయన పేరు రాసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"తేదీ వెయ్యలేదు" అన్నాడు. మట్టి ఉడికించిన రోజేదో చెప్పి, ఆ తేదీ వేయించాడు.