ఎర్రదీపం వెలుగుతుండగా

నేను ఒక మీటింగ్ ఫోన్‌ని. బల్ల నడుమ పడుకుని, గదిలో వాళ్ల గొంతును దేశాలు దాటించే నల్లటి పళ్లెం లాంటిదాన్ని. నా మీద ఉన్న బటన్ నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. మళ్లీ నొక్కేదాకా ఇక్కడి మాట గడప దాటదు. అయినా నేను మాత్రం వింటూనే ఉంటాను. అదే నా శాపం.

నన్ను తయారుచేసిన చోట ఒకమ్మాయి నా మీదికి వంగి "ఒకటి, రెండు, మూడు" అంది. నేను విన్న మొదటి గొంతు అదే. ఆ తర్వాత బేగంపేటలోని ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో రెండేళ్లు తిట్లు మోశాను. ఆ ఆఫీసు మూతపడ్డాక మాదాపూర్‌లో బ్రౌజర్ తయారుచేసే కంపెనీకి చేరాను.

అక్కడ ప్రతి గురువారం సాయంత్రం పది దేశాల ప్రోగ్రామర్లు నా లైన్లో కలిసేవారు. ఒక వెబ్ పేజీ మీ ఫోన్లో ఏమేం చేయవచ్చు, దేనికి మీ అనుమతి అడగాలి అన్నది వాళ్లు తేల్చేవారు. ఏసీ ఎంతలో పెట్టాలో తేల్చుకోలేని మనుషులు లోకమంతటికీ నియమాలు రాసేవారు.

ఆ మీటింగ్‌లో చేతులెత్తడం ఉండదు. వేరే దేశం నుంచి అధ్యక్షురాలు మార్తా "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగి పది సెకన్లు ఆగేది. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మా గదికి ఇంకో అలవాటు ఉండేది. తెలుగులో మాట్లాడుకోవాలంటే ముందు నా బటన్ నొక్కేవారు.

ఆ గురువారం చర్చ వైఫై పేర్ల మీద. చుట్టుపక్కల ఏయే వైఫైలు ఉన్నాయో ఏ పేజీ అయినా అడగకుండానే తెలుసుకోవచ్చు అన్నది ప్రతిపాదన. పెద్ద షాపుల్లో దారి చూపడానికి పనికొస్తుందన్నారు. ప్రతిదానికీ అనుమతి అడిగితే జనం విసుక్కుంటున్నారన్నారు. కానీ వైఫై పేర్లు తెలిస్తే వీధి తెలుస్తుంది, ఇల్లూ తెలుస్తుంది. మా గదిలో సాఫ్ట్‌వేర్ సెక్యూరిటీ చూసే సుగుణకు ఆ సంగతి బాగా తెలుసు. ఆమె చెల్లెలు శైలజ, కొట్టి చంపబోయిన మొగుడి నుంచి తప్పించుకుని, నల్గొండలో ఒక లేడీస్ హాస్టల్లో తలదాచుకుంటోంది.

టీమ్ లీడర్ ప్రసన్న నా బటన్ నొక్కాడు.

"సుగుణక్కా, ఈమె పది సెకన్లంటది గానీ, లెక్కపెట్టుడు ఆరుకే ఆగుతది. జల్ది మాట్లాడు."

"నువ్వు నోరు మూస్తే మాట్లాడ్తా" అంది సుగుణ. అందరూ నవ్వారు.

అంతలోనే మార్తా అడిగింది. సుగుణ నా మీదికి వంగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "నాకు అభ్యంతరం ఉంది. దాక్కుని బతికే ఆడవాళ్లున్నారు. ఒక్క లింకు చాలు, వాళ్లను పట్టివ్వడానికి..."

గదిలో అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. నన్నెవరూ చూడలేదు. నా దీపం ఎర్రగా మండుతోంది.

"అభ్యంతరాలు లేవు. తీర్మానమైంది" అంది మార్తా.

"మార్తా! నేను చెబుతున్నాను కదా!"

"అందరికీ ధన్యవాదాలు." లైను తెగింది.

ప్రసన్న చూపు అప్పుడు పడింది నా మీద. "అయ్యో, నేనే..." అని ఆగిపోయాడు.

సుగుణ వెంటనే మార్తాకు ఉత్తరం రాసింది. మర్నాడు జవాబు వచ్చింది. దాన్ని ప్రసన్న పైకి చదివాడు: తీర్మానమైనదాన్ని మళ్లీ తెరవాలంటే కొత్త సమాచారం కావాలి. మీరు రాసినవన్నీ పాత భయాలే.

అవతలికి చేరని ఆమె మాటలు నాలోనే మిగిలిపోయాయి. అందరూ వెళ్లిపోయి గది చల్లబడుతుంటే అవి నా లోపల తిరిగేవి. దాక్కుని బతికే ఆడవాళ్లున్నారు... ఒక్క లింకు చాలు...

ఎనిమిది నెలల తర్వాత, ఆ తీర్మానం ఫోన్లలోకి చేరాక, శైలజకు తెలియని నంబరు నుంచి ఒక లింకు వచ్చింది. మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలట. ఆమె తెరిచింది. ఫొటోలు నిజంగానే ఉన్నాయి; వాటి వెనకే హాస్టల్ వైఫై పేరు మొగుడికి చేరింది. మూడో రోజు పొద్దున మొగుడు హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు. శైలజ మణికట్టు విరిగింది; వార్డెన్ అడ్డుపడబట్టి ప్రాణంతో బయటపడింది. అప్పటి నుంచి ఆమె ఏ ఊళ్లో ఉందో అక్కకు కూడా చెప్పదు. ఫోనన్నదే ముట్టుకోదు.

తర్వాతి గురువారం సుగుణ నా బటన్‌ను రెండుసార్లు తడిమి చూసుకుని మాట్లాడింది. జరిగిందంతా చెప్పింది.

"దీనికి ఆధారం ఏమిటి?" అడిగింది మార్తా.

"నా చెల్లెలు. ఇలా అవుతుందని ఆ రోజే చెప్పాను."

"మీరు చెప్పినట్టు రికార్డులో లేదే."

ప్రసన్న తల వంచుకునే నోరు విప్పాడు. "చెప్పింది. బటన్ నొక్కింది నేను."

మార్తా నెమ్మదిగా అడిగింది, అనుమతి అడగాలన్న నియమాన్ని తిరిగి పెట్టడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఈసారి పది సెకన్లూ ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. తీర్మానమైంది.

"అప్‌డేట్ వచ్చే ఫోన్లన్నింటికీ ఇది చేరుతుంది" అంది.

"రాని వాటికి?" అంది సుగుణ.

"అది మన చేతుల్లో లేదు."

ఆ యేడు కంపెనీ కొత్త ఫోన్ కొంది. నా తీగ పీకి గోనెసంచిలో వేశారు. ఇప్పుడు కాటేదాన్‌లో ఒక పాత సామాన్ల షెడ్డులో, ఊళ్లోని పాత ఫోన్లన్నింటి నడుమ పడి ఉన్నాను. అడగనక్కర్లేదన్న నియమం చేరాక, అది రద్దయ్యేలోపే చాలావాటి పేర్లు అప్‌డేట్ల జాబితాల్లోంచి ఎగిరిపోయాయి.

ఇక్కడ బాలమణి అనే ఆవిడ సామాను ఏరుతుంది. రెండేళ్ల కింద ఇల్లొదిలి వచ్చిందట, అడ్రసు ఎవరికీ చెప్పదట. పక్కావిడతో చెబుతుంటే విన్నాను. తీగ లేకపోయినా నా చెవులు పోలేదు మరి.

నిన్న ఆమెకు కుప్పలో ఒక ఫోన్ దొరికింది. "ఓ పిల్లా, ఇది నడుస్తున్నదే! సేటుకు చెప్పి నేనే పెట్టుకుంటా" అంటూ తన సిమ్ వేసుకుంది. ఇవాళ మధ్యాహ్నం దానికి ఏదో మెసేజ్ వచ్చింది.

"నంబరు ఎవరిదో ఏమో. ఫొటోలంట" అంది బాలమణి, కొంగుతో తెర తుడుస్తూ.

వద్దని అరవాలనిపించింది. నన్ను కరెంటుకు కలిపే తీగ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆమె వేలు పెట్టింది. పేజీ తెరుచుకుంది. అది ఆమెను ఏమీ అడగలేదు.