ముందు వెళ్ళిన నీడ

ఆదివారం పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తి, మోకాలెత్తు బుల్లి బైకులను వరసగా బయటపెట్టడం అక్క పని. బ్రేకులు నొక్కి, హెల్మెట్ పట్టీలు లాగి చూడడం చెల్లెలి పని. చెల్లెల్ని అందరూ పిడుగు అంటారు. షెడ్డు రోడ్డుకి ఇటు, రేసు ట్రాక్ అటు. నంబరు ప్లేటు లేని ఈ బళ్ళని రోడ్డు మీద నడపకూడదు. ఇంజను ఆపి, పక్కన నడుస్తూ తోసుకుపోవాలి. చట్టం సంగతి అలా ఉంచినా, లారీ డ్రైవరు కూర్చునే ఎత్తుకి ఇవి కనిపించవు.

ఆ బళ్ళెక్కినవాళ్ళ నీడలు వాళ్ళకంటే ఒక మలుపు ముందుంటాయి. అందుకే ట్రాక్ నడిపే మేనత్త మనుషుల్ని కాదు, నీడల్ని చూస్తుంది. నీడ జారిపడితే ఎర్రజెండా ఎత్తుతుంది, వెనకాల మనిషి నెమ్మదిస్తాడు.

"ఒరేయ్, నీ నీడ మూడో మలుపులో బోర్లా పడింది. టైర్లో గాలి చూసుకో!"

ఇలాంటి మాటలు అక్కడ మామూలే.

ఆ రోజు జట్టు ఎంపిక. ఒక్కటే ఖాళీ. పిడుగు ఏడాదిగా దాని గురించే కలలు కంటోంది. తీరా బయల్దేరబోతే బ్రేకు తీగ తెగింది. అక్క కొత్తది బిగించేసరికి అటువైపు మొదటి విజిల్ మోగింది. రెండోదానికి గేటు మూసేస్తారు.

"తోసుకుపో," అంది అక్క, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"తోసుకుంటూ ఎప్పటికి చేరతాను? ఎక్కితే రెప్పపాటు."

"లారీ గుద్దడానికి ఆ రెప్పపాటు చాలే, పిడుగూ!"

"నా నీడ ముందుంటుందిగా. ఏదైనా ఉంటే అదే చెబుతుంది."

"ట్రాక్ మీదైతే అత్త చూస్తుంది. ఇక్కడ జెండా ఎవరెత్తుతారే?"

పిడుగు అప్పటికే ఇంజను స్టార్ట్ చేసింది. రోడ్డు వారన ఆగి ఉన్న నీళ్ళ ట్యాంకరు కుడివైపంతా కప్పేసింది. ఆమె నీడ ట్యాంకరు ముందు నుంచి రోడ్డు మీదికి దూసుకెళ్ళి, నడిమధ్యలో ఆగింది. ఆ నీడ బండి దిగి వెనక్కి చూసింది. రెండు చేతులూ ఊపింది. పిడుగు ఆగకపోయేసరికి రోడ్డుకి అడ్డంగా పడుకుంది.

పిడుగు రెండు బ్రేకులూ పట్టేసింది. వెనక టైరు ఈడ్చుకుపోయి, ముందు టైరు ట్యాంకరు బంపరు పక్కన ఆగింది.

ట్యాంకరు చాటు నుంచి వచ్చిన లారీ ఒకటి ఆ నీడ మీదుగా వెళ్ళిపోయింది. డ్రైవరు హారను కూడా కొట్టలేదు. కొట్టడానికి అతనికి ఎవరూ కనిపించలేదు.

రెండో విజిల్ మోగింది.

అక్క పరుగున వచ్చింది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. ఇద్దరూ రెండు పక్కలా చూసుకుని, బండి తోసుకుంటూ దాటారు. నీడ తారు మీంచి మెల్లగా లేచి, దుమ్ము దులుపుకుని, కుంటుతూ వాళ్ళ వెనకాల వచ్చింది.

మేనత్త గేటు దగ్గరే నిలబడి ఉంది.

"నీ నీడ పడిందా?"

"లేదత్తా. పడుకుంది."

"అయితే ఇక ముందు నడవదు. నువ్వే చూసుకోవాలి."

"మరి జట్టు...?"

"గేటు మూశాను కదే."

పిడుగు మూసిన గేటు కమ్మీలు పట్టుకుని లోపలికి చూసింది. మేనత్త తన మెడలోని విజిల్ తీసి ఆమె మెడలో వేసింది. "నీడల్ని నమ్ముకుని కళ్ళు మూసుకునేవాళ్ళు ఇక్కడ ఎక్కువైపోయారు. వచ్చే ఆదివారం నుంచి కొత్తవాళ్ళు నీతో దాటుతారు."

వారం తిరిగింది. షెడ్డు ముందు పిల్లలు బుల్లి బైకులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ నీడలు అప్పుడే రోడ్డు మధ్యలో గెంతుతున్నాయి. పిడుగు చెయ్యి అడ్డంపెట్టింది.

"వాటిని కాదు, రోడ్డుని చూడండి."

తల తిప్పి కుడివైపు చూసింది. వెనకాల ఆమె నీడ కూడా తల తిప్పింది, ఆమె తిప్పాకే.